యెఫ్తా కూతురి కథకు ఆమేన్ చెప్పిన ఆదివారం

రెండువేల పదకొండు. బేతంచెర్లలో నాకది మూడో ఏడు. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల పక్కనే మా గుడి. తెల్లటి రాతిపొడి బలిపీఠం మీది గుడ్డ దాకా వచ్చేది. మా ఆవిడ రోజుకు రెండుసార్లు దులుపుతూ, ఆ దుమ్ము నేనే పంపినట్టు నన్ను తిట్టేది. ఇప్పుడు రిటైరై కడపలో శుభ్రమైన ఇంట్లో ఉంటున్నాను గానీ, ఆ పొడి వాసన గుర్తొస్తే ఒక్కోసారి ప్రాణం కొట్టుకుంటుంది.

నేను పాస్టర్ని. ఏ ఆదివారం ఏ వాక్యం చదవాలో చెప్పే పట్టిక ఒకటి మాకుంటుంది, దాన్ని లెక్షనరీ అంటాం. పాత నిబంధనలో మింగుడుపడని ఇంటి కథలు చాలా ఉన్నాయి. దాసిని బిడ్డతో సహా ఎడారిలోకి తోలేసిన కథ, కన్నకొడుకు మీద తండ్రి కత్తి ఎత్తిన కథ, అలాంటివి. చాలామంది పాస్టర్లు వాటి పక్కనుంచి మెల్లగా జారుకుంటారు. నేనూ ఇరవై ఏళ్లు జారుకున్నవాణ్నే.

ఆ ఏడు, మొక్కుబడులు గుడికి తెచ్చిచ్చే కోతపండుగ ముందు మాత్రం నాకు కోపం వచ్చింది. జబ్బు చేస్తే కోడి ఇస్తాం, పొట్టేలు ఇస్తాం అని దేవునికి మొక్కుకోవడం, నయం కాగానే మరిచిపోవడం మా సంఘంలో అలవాటు. వాళ్లకు చురక పెడదామని లెక్షనరీ పక్కన పెట్టి యెఫ్తా కథ తీశాను. యెఫ్తా యుద్ధానికి పోతూ, గెలిచి తిరిగొస్తే తన ఇంటి వాకిట్లోంచి ఎదురొచ్చేదాన్ని దేవునికి బలి ఇస్తానని మొక్కుకున్నాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. వాయిద్యం వాయించుకుంటూ, ఆడుతూ వచ్చింది. ఆయన మాట తప్పలేదు.

"కన్నకూతురికే ఆయన వెనకాడలేదు, మీరు పొట్టేలికి వెనకాడతారా?" అని గర్జించాను. గుడంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. నేను ఇంటికెళ్లి కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను.

మంగళవారం పొద్దున సువార్త మా ఇంటికొచ్చింది. పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే దేవదానం పెద్దకూతురు. ఇంటర్ పాసై, కర్నూల్లో నర్సింగ్ సీటు తెచ్చుకున్న పిల్ల.

"అయ్యగారూ, మా నాయన నన్ను నర్సింగుకు పోవద్దంటాండాడు. బైబిల్ ట్రైనింగుకు పంపిస్తాడంట."

రెండేళ్ల కింద నిలబెట్టిన రాళ్లు ఒరిగి దేవదానం కాలి మీద పడ్డాయి. ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే, కాలు నిలిస్తే పెద్దపిల్లను నీ సేవకు ఇస్తానని దేవునికి మాటిచ్చాడు. కాలు నిలిచింది, ఆ మాట ఇంట్లో అందరూ మరిచిపోయారు. నా ప్రసంగం దాన్ని తవ్వి తీసింది.

"ఆదివారం నుంచి నాయన అన్నం ముట్టల్యా అయ్యగారూ. శుక్రవారం లోపల నేను చేరాల, ల్యాకపోతే సీటు పోతాది."

"దేవుని సేవ మంచిదే గదమ్మా" అన్నాను.

"మంచిదే. నన్నడిగింటే నేనే పోతానంటినేమో. నన్నెవురూ అడగల్యా." పోబోయి వెనక్కి తిరిగింది. "అబ్రాహాము కొడుకు మీద కత్తి ఎత్తితే ఆపేదానికి దూత వచ్చినాడు గదా. ఆ పిల్లకాడికి ఎవురూ రాలేదు, యాల?"

సెమినరీలో నేర్చుకున్న జవాబులు నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, "మీ నాయన్ని రమ్మను, మాట్లాడతా" అని పంపేశాను.

మా వృత్తిలో అదొక మర్యాద. పాస్టరు కుర్చీలో కూర్చుంటాడు, అవసరమున్నవాళ్లు వస్తారు. దేవదానం ఆరోజు రాలేదు. బుధవారమూ రాలేదు. నేను కుర్చీలోనే ఉన్నాను.

బుధవారం రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ అంది, "ఆయనకు మీ ఎదటికొచ్చే ధైర్యం ల్యా. మీకు ఆయన గడప తొక్కే తీరిక ల్యా. నడుమ పిల్ల ఏమైపోవాల?"

ఆమె మాటకు నాకొక పాత పాఠం గుర్తొచ్చింది. యూదు పెద్దలు యెఫ్తా కథకు చెప్పిన పాత వివరణ ఒకటి మాకు సెమినరీలో చెప్పారు. ఆ మొక్కును ప్రధాన యాజకుడు రద్దు చేయగలిగేవాడట. కానీ నాయకుణ్ని, నేనెందుకు పోవాలని యెఫ్తా అనుకున్నాడు. యాజకుణ్ని, నేనెందుకు పోవాలని ఆయనా అనుకున్నాడు. ఇద్దరి బెట్టు మధ్య పిల్ల పోయింది. అది పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను నేను.

గురువారం పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాను. మిషన్ల రొద, కాళ్లకింద తెల్లటి బురద. నన్ను చూసి దేవదానం కుంటుకుంటూ వచ్చాడు, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"నోరు తెరిచి చెప్పినా అయ్యగారూ. మాట తప్పితే దేవుడు ఈ కాలు మళ్లా తీసుకుంటాడు. మీరే గదా చెప్పింది."

"తప్పు చెప్పినానప్పా."

"ఏందీ? ఇనపల్యా!"

"తప్పు చెప్పినాను!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే ఎవరో మిషను ఆపారు. ఫ్యాక్టరీ అంతా నావైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా ఆపలేదు. "ఆ పిల్లను ఇయ్యమని దేవుడు అడిగినట్టు ఆ కథలో యాడా ల్యా. యెఫ్తా ఒక్కడే మాట్లాడుకున్యాడు. మొక్కుకున్నది నువ్వు, నీది నువ్వియ్యి. పిల్లది పిల్ల ఇయ్యాల."

"నాకాడ ఏముండాది అయ్యగారూ, ఈ చేతులు తప్ప?"

"అవి చాలవా?"

దేవదానం ఆ బురదలోనే కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

సువార్త శుక్రవారం కర్నూల్లో చేరింది. ఆ ఆదివారం, వారం కింద నేను చెప్పింది తప్పని గుళ్లో నిలబడి చెప్పాను. "పాస్టరే తప్పన్నాక మేమెవరి మాట వినాల?" అని సంఘపెద్ద ఒకాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఏడు కోతపండుగకు పొట్టేళ్లు కూడా తగ్గాయి. దేవదానం మాత్రం పని ముగించుకుని రోజూ సాయంత్రం గుడికొచ్చి, ఏడాది తిరిగేసరికి గుడంతా రాళ్లు పరిచాడు. అంత నున్నటి నేల నేను మళ్లీ ఏ గుళ్లోనూ తొక్కలేదు.

అప్పటినుంచి అలాంటి కథ ఏది తీసినా, ఆ ఇంట్లో ఎవర్ని అడగలేదో ముందు వెతుకుతాను. ఎవరూ వెళ్లని చోటికి నేను వెళ్లాల్సి ఉందేమోనని చూసుకుంటాను. కుర్చీలో కూర్చుని పాస్టరు పని చేయలేమని నాకు నేర్పింది ఆ వారమే.

మరుసటేడు, ఆడవాళ్లే ఆరాధన నడిపే స్త్రీల ఆదివారానికి సువార్త సెలవు మీద వచ్చింది. వాక్యం నేనే చదువుతానని అడిగి, యెఫ్తా కథే తీసింది. ఇశ్రాయేలు ఆడపిల్లలు ఏటా నాలుగు రోజులు ఆ పిల్లను తలుచుకుని ఏడ్చేవాళ్లన్న చివరి మాట దాకా చదివి, పుస్తకం మూసింది. చదవడం అయిపోగానే ఆమేన్ అనడం మా గుళ్లో చిన్నపిల్లలకు కూడా అలవాటు. ముందు వరసలో, తను పరిచిన రాళ్ల మీద కూర్చున్న దేవదానం రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ రోజు గుళ్లో ఎవరూ ఆమేన్ అనలేదు.