వేప వాసన నమ్మి మూసిన పన్ను

మా ఆయనకు పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి కోస్తా నుంచి ఇక్కడికి వచ్చాక, బజారులో ఒక గది కిరాయికి తీసుకుని పళ్ల ఆసుపత్రి పెట్టాను. డెబ్భైల మొదట్లో మాట. వచ్చినవాళ్లంతా పన్ను పీకించుకోవడానికే వచ్చేవారు. పీకకుండా నిలబెట్టొచ్చంటే నన్నో మోసగత్తెను చూసినట్టు చూసేవారు. నాకసలే ముక్కు మీద కోపం. "సరే, పీకేస్తాను, నోరు తెరవండి" అనేదాన్ని.

అలాంటి రోజుల్లో జిన్నారం వైపు నుంచి సన్నాయి వాయించే ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పై వరసలో ముందు పన్ను. ఎప్పుడో దెబ్బ తగిలి లోపల చచ్చి నల్లబడింది. చిగుళ్ల మీద చీము పొక్కు.

"పీకుడు మాట మాత్రం ఎత్తకు డాక్టరమ్మా. గీ పన్ను పోతే పెదవి లోపటికి పోతది, గాలి నిలవది. సన్నాయి బందైతది. ఇంకో పని నాకు రాదు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పన్నుకు చిన్న రంధ్రం చేసి, వేరులోని కుళ్లు తీసి, మందుతో కడిగి మూసేస్తే పన్ను ఉంటుందని చెప్పాను. మందు సీసా మూత తీశానో లేదో, ఆయన కుర్చీలోంచి లేచాడు.

"గిది బాయిల పోసే బ్లీచింగ్ వాసన గదా! నా నోట్ల పోస్తవా?"

"అలాంటిదే. నీళ్లు కలిపి పలచన చేశానయ్యా!"

"ఏమన్న గానీ, వద్దు. యాపాకు నీళ్లతోని కడుగు. మా తాతల కాడికెల్లి యాపపుల్లే గదా!"

ఒళ్లు మండింది. కానీ పోనిస్తే ఎవడో పటకారుతో లాగేస్తాడు. పైగా వేప ఏమాత్రం పనిచేస్తుందో చూద్దామని నాకూ కుతూహలం. సరేనన్నాను. ఆయన భార్య వేపాకు మరగబెట్టి, గుడ్డలో వడగట్టి చెంబుతో తెచ్చింది. నేను మళ్లీ మరగించి, చల్లార్చి, మూడుసార్లు కడిగాను. నొప్పి తగ్గింది, పొక్కు అణిగింది.

లోపల శుభ్రమైందో లేదో తేల్చడానికి అప్పట్లో నాకు ముక్కే దిక్కు. వేరులో దూది వత్తి పెట్టి పంపి, మళ్లీ వచ్చినప్పుడు తీసి వాసన చూసేదాన్ని. ఆయన వత్తి తీస్తే వేప వాసన తప్ప ఇంకేమీ లేదు. సంబరంగా మూసేశాను. వేపాకు గెలిచిందని ఇంట్లో మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఐదో రోజు పొద్దున్నే మొగుడూ పెళ్లాలు వచ్చారు. పెదవి ముక్కు దాకా వాచింది. ఒప్పుకున్న పెళ్లిలో వాయించడానికి తన బదులు బామ్మర్దిని పంపాడట.

"ఏందమ్మా గిది? మంచిగైందంటివి!" అని భార్య నిలదీసింది.

పన్ను తెరిస్తే చీము. వేప ఘాటు కుళ్లు కంపును కప్పేసింది!

"తప్పు నాదే. వేప చిగుళ్లకు మంచిదే. కానీ సన్నటి వేరులో చచ్చిన కండను అది కరిగించలేదు, బ్లీచింగ్ మందు కరిగిస్తుంది. మూసే ముందు నేను ఇంకా చూడాల్సింది" అన్నాను.

ఆయన తన భార్య మొహంలోకి చూశాడు. "తప్పు ఒప్పుకున్నది గదా. జెర సూద్దాం" అందామె.

చీము పోయి వాపు తగ్గేదాకా ఆగి, ఆ మందు చుక్క చుక్కగా పోశాను. వేరు కొస దాటితే లోపల కాలుతుంది. మధ్యమధ్య ఆపి మంట పుడుతోందా అని అడిగాను. ఉప్పునీళ్లతో కడిగి, ఈసారి ఏ మందూ అంటని పొడి వత్తి పెట్టాను. వారం తర్వాత తీసి ఆమె చేతికిచ్చాను.

"నా ముక్కు మీద నాకు నమ్మకం పోయింది. నువ్వు చూడు తల్లీ."

రెండుసార్లు పీల్చి చూసింది. "ఏ వాసన లేదు."

అయినా ఇంకో వారం ఆగాకే మూశాను. "ఇగ యాపనీళ్లు పారబొయ్యాల్నా?" అనడిగింది. పారబొయ్యొద్దు, పుక్కిలించమను అన్నాను.

నెల తిరక్కుండా ఆయన సన్నాయి చేత్తో పట్టుకుని వచ్చాడు. నోట పెట్టుకుని ఊదితే మొదట ఉత్త గాలి వచ్చింది. పెదవి సర్దుకుని మళ్లీ ఊదాడు. గది నిండిపోయింది! బజారు జనం, వంతు కోసం బయట కూచున్నవాళ్లు గుమ్మంలో మూగారు. నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

ఆమె నా భుజం తట్టింది. "ఊకో డాక్టరమ్మా. నువ్వే ఏడుస్తుంటే బయట కూసున్నోళ్లు నీకు పన్ను సూపిస్తరా?"