మచ్చ ఉన్న వైపు

వెండెల్ క్రాట్జ్‌కి ఎవరినైనా మెచ్చుకోవడమంటే పన్ను పీకించుకున్నంత పని. పెన్సిల్వేనియా కొండల్లోని ఆ చిన్న ఊళ్లో ఒక సామిల్లు ఉంది. చెర్రీ, ఓక్ దుంగలు ఒక వైపు నుంచి లోపలికి పోయి, పలకలై ఇంకో వైపు నుంచి బయటికొస్తాయి. వచ్చే చోట వెండెల్ నిలబడి ఉంటాడు. పలకను తిరగేసి రెండు వైపులా చూసి, రంగు సుద్దతో ఒక గీత గీస్తాడు. ఆ గీతే దాని జాతకం. ఒక వైపు అద్దంలా ఉన్నా సరే, లెక్కలోకి రాదు. ముడులు, పగుళ్లు ఉన్న రెండో వైపు చూసే గ్రేడు కట్టాలి. పనిలో చేరిన కొత్తలోనే నేర్పుతారు ఈ సంగతి, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, దాన్ని సామిల్లు గేటు దగ్గర వదిలేసి ఇంటికి వచ్చే మనిషి కాదు వెండెల్.

పెళ్లయిన కొత్తలో లోర్నా ఎంతో ముచ్చటపడి యాపిల్ పై చేసి పెడితే, ఒక ముక్క నోట్లో వేసుకుని, "అడుగు కాస్త తడిగా ఉంది," అన్నాడట. కొడుకు టోబీకి పెళ్లి వయసొచ్చాక కూడా ఆవిడ ఆ మాట మర్చిపోలేదు.

ఆ మచ్చలు పట్టే కన్నుకి ఊళ్లో గౌరవం దొరికింది మాత్రం ఒక్క చోటే. గస్ బార్‌లో. అక్కడ ఓ పదిమంది మగాళ్లు ఏళ్ల తరబడి ఒక ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ నడుపుతున్నారు. ఎవరి జట్టు వాళ్లది. జట్లు ఊహలోవే గానీ ఆటగాళ్ల పేర్లు నిజమైనవి. మార్చి నెలాఖరున అందరూ కూర్చుని వంతులవారీగా పేర్లు చెప్పుకుని పంచుకుంటారు. ఆ ఆటగాడు ఎక్కడో నిజం మైదానంలో బంతిని బాదితే ఇక్కడ వీళ్లకి పాయింట్లు పడతాయి. ఇంకా పైకి రాని మైనర్ లీగ్ కుర్రాళ్లను కూడా ఆఖర్లో ఒకరిద్దరిని ముందే పేరు చెప్పి అట్టిపెట్టుకోవచ్చు. వాడు ఎదిగి మేజర్ లీగ్‌లో అడుగు పెడితే అట్టిపెట్టుకున్నవాడి పంట పండినట్టే.

ఈ మైనర్ కుర్రాళ్ల దగ్గరే వెండెల్ అందరి నోళ్లూ మూయించేవాడు. మిగతావాళ్లు పత్రికల్లో రాసింది చదివి పేర్లు చెప్పేవాళ్లు. వెండెల్ మాత్రం శనివారాలు ట్రక్కు తీసుకుని చుట్టుపక్కల ఊళ్ల మైదానాలకు పోయి, వెనక వరస బల్ల మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చూసేవాడు. జనం కుర్రాళ్లు కొట్టిన బంతులకి చప్పట్లు కొడుతుంటే ఈయన తప్పిన బంతులు చూసేవాడు. ఎందుకు తప్పింది, మళ్లీ తప్పుతుందా, ఇది మానే మచ్చేనా, మానని మచ్చా. మూడొంతులు ఆయన అన్నట్టే జరిగేది.

"ఒరే చెక్కల డాక్టరూ, ఈసారి ఎవడి మీద సుద్ద గీశావురా?" అని బార్ నడిపే గస్ ఆటపట్టించేవాడు. వెండెల్ నవ్వేవాడు కాదు గానీ, లోపల పొంగిపోయేవాడు.

టోబీ కూడా బేస్‌బాల్ ఆటగాడే. సామిల్లు వెనక ఖాళీ స్థలంలో తండ్రి బంతులు విసురుతుంటే కొడుతూ పెరిగాడు. నిజం జట్టొకటి అతన్ని మైనర్ లీగ్‌లోకి తీసుకున్న రోజున ఊరంతా పండగ చేసుకుంది. గస్ అతని ఫోటో ఫ్రేము కట్టించి బార్‌లో సీసాల పైన తగిలించాడు. వెండెల్ మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని ఊపి, "మోచెయ్యి దించకు," అన్నాడు. అంతే.

మూడేళ్లు టోబీ మెట్టు మెట్టుగా పైకి వచ్చాడు. మూడో ఏడు అతని జట్టు ట్రక్కులో రెండు మూడు గంటలు పోతే చేరే ఊళ్లోనే ఆడింది. వెండెల్ వెళ్లి తన మామూలు బల్ల మీద కూర్చుని, మామూలుగానే చూశాడు. ఒంటికి దగ్గరగా దూసుకొచ్చే బంతి దగ్గర టోబీ చేతులు ఆలస్యంగా కదులుతున్నాయి. కనురెప్ప పాటు ఆలస్యం. మైనర్ లీగ్‌లో దాచుకోవచ్చు, పైన దాగదు. అది నేర్పితే వచ్చేది కాదని కూడా వెండెల్‌కి తెలుసు. ఆ రోజు తిరిగి వస్తూ దారిలో ట్రక్కు ఆపి కాసేపు స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఆయనకి గుండె లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. ఉంది. దాన్ని ఎవరికీ చూపించే అలవాటే లేదు. లోర్నాకి సైతం చెప్పలేదు.

టోబీ ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్ చేసేవాడు. తండ్రీ కొడుకుల మాటలు ఎప్పుడూ నాలుగు ముక్కలే. ఎలా ఆడావు, పర్లేదు, మోచెయ్యి దించకు, అమ్మకిస్తున్నా. అలాంటిది ఆ వేసవిలో ఆ మాటలు ఉన్నట్టుండి పొడవయ్యాయి. కారణం అనిబాల్ పెగేరో అనే కుర్రాడు. డొమినికన్ దేశం నుంచి వచ్చాడు. టోబీ జట్టులోనే చేరాడు, మైదానంలో టోబీ కాసే మూడో బేస్ దగ్గరే, ఒక్కడికే చోటుండే దగ్గర, ఆడతాడు, టోబీ అద్దె గదిలోనే నేల మీద పరుపేసుకుని పడుకుంటాడు.

"వాడు ఆగుతాడు నాన్నా," అన్నాడు టోబీ ఒక ఆదివారం. "బంతి మీదకొచ్చేసినా ఇంకా ఆగే ఉంటాడు. అంత తీరిక ఎక్కణ్ణుంచొస్తుందో వాడికి. నేనైతే ఈపాటికి బ్యాటు తిప్పేసి ఉంటాను."

"వంపు తిరిగి కిందికి దిగే బంతికి ఎగబడతాడా?" అని అడిగాడు వెండెల్.

"ఎగబడడు."

"ఎడంచేత్తో విసిరేవాళ్లని ఆడగలడా?"

"వాళ్లనే ఇంకా బాగా బాదుతాడు. పక్కన నిలబడి చూస్తుంటే ఒక్కోసారి నేనిక్కడ ఏం చేస్తున్నానా అనిపిస్తుంది నాన్నా."

"కోచ్ చెప్పింది అర్థమవుతుందా వాడికి? ఇంగ్లీషు వచ్చా?"

"నేను నేర్పిస్తున్నాలే," అన్నాడు టోబీ.

ప్రతి ఆదివారం అదే వరస. కొడుకుతో ఇంతసేపు మాట్లాడగలుగుతున్నందుకు వెండెల్‌కి నిజంగానే సంతోషంగా ఉండేది. లోర్నా సింకు దగ్గర గిన్నెలు తోముతూ ఈయన అడిగే ప్రశ్నలు వినేది.

మార్చి వచ్చింది. గస్ బార్‌లో కూర్చోవాల్సిన శనివారం పొద్దున లోర్నా కాఫీ ముందు పెట్టి, కప్పు వదలకుండా నిలబడింది.

"ఇవాళ టోబీ పేరు చెప్పు," అంది. "ఆఖరి వంతులోనైనా సరే."

"అది ఆట, లోర్నా."

"ఆటే కదా. అందుకే చెప్పమంటున్నా."

వెండెల్ కాఫీ లాక్కున్నాడు.

ఆ లీగ్‌లో ఎవరూ రాయని కట్టుబాటు ఒకటి ఉండేది. ఒకడి కొడుకు పేరు ఇంకొకడు చెప్పడు. అందుకని మైనర్ కుర్రాళ్ల వంతులు మొదలయ్యాక ఎవరూ టోబీ జోలికి పోలేదు. ఆఖరి చుట్టులో వెండెల్ తర్వాత ఒక్క గసే మిగిలాడు. గస్ అప్పటికే పది గ్లాసుల్లో విస్కీ పోసి వరసగా పెట్టాడు. వెండెల్ కొడుకు పేరు చెప్పగానే అందరూ గ్లాసులెత్తాలని ముందే అనుకున్నారు. బల్ల చుట్టూ అందరి మొహాల మీదా చిన్నపిల్లల నవ్వు.

"పెగేరో," అన్నాడు వెండెల్. "అనిబాల్ పెగేరో."

గ్లాసుల మీదికి పోయిన చేతులు వెనక్కి వచ్చాయి.

"ఒరే, టోబీ ఇంకా మిగిలే ఉన్నాడురా," అన్నాడు గస్ మెల్లగా. మర్చిపోయాడేమో అనుకున్నాడు పాపం. "నీకోసమే ఉంచాం."

"ఉన్నాడని తెలుసు."

"అయితే?"

"మూడో బేస్‌కి పెగేరో మేలు. నన్నడిగితే ఇంకో ఏడాదిలో మేజర్ లీగ్‌కి పోతాడు."

గస్ గ్లాసుల వంక చూశాడు, పైన సీసాల మీది ఫోటో వంక చూశాడు. "నా వంతు కదూ. టోబీ క్రాట్జ్," అన్నాడు. "ఇక తాగండి, దేనికి చూస్తున్నారు." అందరూ తాగారు. వెండెల్ కూడా తాగాడు.

మర్నాడు గస్ టోబీకి ఫోన్ చేసి, "ఇకనుంచి నువ్వు నా జట్టువాడివిరా, పరువు నిలబెట్టు," అని నవ్వాడు. మంచిగానే చేశాడు, ఆనందపెడదామనే చేశాడు. నాన్న ఎవరిని తీసుకున్నాడని టోబీ అడిగాడు. గస్‌కి అబద్ధమాడటం చేతకాదు.

ఆ ఆదివారం ఫోన్ రాలేదు. ఆ తర్వాత టోబీ తండ్రి సామిల్లులో ఉండే వేళల్లో తల్లికి చేయడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది అంతా వెండెల్ అనుకున్నట్టే నడిచింది. పెగేరోని మూడో బేస్‌లో నిలబెట్టి టోబీని బెంచీ మీద కూర్చోబెట్టారు. జూన్‌లో పెగేరో మేజర్ లీగ్‌కి పోయాడు. జులైలో టోబీని పిలిచి, ఇక నీతో పని లేదని చెప్పారు. బ్యాట్ల సంచీ భుజాన వేసుకుని బస్సు దిగిన కొడుకుని తీసుకురావడానికి లోర్నా వెళ్లింది. వెండెల్ వరండాలో నిలబడి, "అన్నం తిన్నావా?" అన్నాడు. తిన్నానన్నాడు టోబీ.

శరదృతువులో ఊహా లీగ్‌లో వెండెల్ జట్టు అందరికంటే పైన నిలిచింది. సగం పుణ్యం పెగేరోదే. ఎప్పుడో ఆయనే చెర్రీ పలక చెక్కి చేసిన బహుమతిని ఈసారి ఆయన చేతికే ఇచ్చారు. చప్పట్లు కొట్టారు గానీ గస్ చేతులు సీసాలు సర్దుతూనే ఉన్నాయి. వెండెల్ దాన్ని ఇంటికి తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక వంటింటి బల్ల మీద పెట్టాడు. అక్కడ టోబీ ఒక్కడే కూర్చుని బ్రెడ్డు తింటున్నాడు.

"నామీద కోపంగా ఉందని తెలుసు," అన్నాడు వెండెల్. ఈ మాటలు ఆయన నెలల తరబడి మనసులో మననం చేసుకుంటూనే ఉన్నాడు. "చూసింది చెప్పాను. ఒకడి కొడుకని గ్రేడు పెంచితే అది మోసం. నేను చెప్పింది తప్పయిందా?"

"కాలేదు," అన్నాడు టోబీ. "నువ్వు చెప్పిందే నిజం. నాకూ ముందే తెలుసు."

"మరింకేంటి?"

"నువ్వు నన్ను తీసుకోనందుకు కాదు నాన్నా." టోబీ గొంతు పెంచలేదు. "వాడి గురించి ప్రతి ఆదివారం నీకెందుకు చెప్పాననుకున్నావు? నా పనైపోతోందని భయమేసి చెప్పాను. ఆ మాట ఇంకెవరితో అనగలను? నువ్వేమో వంపు బంతికి ఎగబడతాడా అని అడిగావు."

తీసుకోలేదన్న ఫిర్యాదుకైతే వెండెల్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఇది వేరే సంగతి. బహుమతిని బల్ల చివరికి జరిపాడు. టోబీ కంచం కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

చలికాలంలో టోబీ సామిల్లులో పలకలు పేర్చే పనికి చేరాడు. తండ్రి గీసిన గీత చూసి ఏ దొంతరలో వెయ్యాలో వేసేవాడు. ఇద్దరూ ఒకే ట్రక్కులో వెళ్లి వచ్చేవాళ్లు. వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లు. ఏదో ఒక రోజు దీన్ని సరిచేయాలని, కొడుకు నోట మళ్లీ ఒక మాట వినాలని వెండెల్‌కి ప్రాణం కొట్టుకునేది. ఎలా మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వరండాలో టోబీ ఫోన్ మోగింది. వెండెల్ లోపల కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. చేసింది పెగేరో. వాళ్లిద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారని ఆయనకి ఆ రోజే తెలిసింది. ఇద్దరూ సగం ఇంగ్లీషు, సగం స్పానిష్ కలిపి కాసేపు నవ్వుకున్నారు. తర్వాత టోబీ గొంతు తగ్గింది.

"ఏ మణికట్టు? ఎన్నాళ్లనుంచి?... డాక్టరుకి చెప్పలేదా?... చెప్తే కూర్చోబెడతారనా?" కాసేపు వినడమే. "భయంగా ఉందా? ఉంటుందిరా. నాకు తెలీదా. చెప్పు, అంతా చెప్పు, నాకేం పనుంది, వింటున్నా."

ఆ మాటలు వెండెల్‌కి సూటిగా గుచ్చుకున్నాయి. తను అనవలసిన మాటలవి, కొడుకు ఇంకొకడితో అంటున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది అబద్ధం కాదు. కానీ అవి రెప్ప దాటకముందే బుర్ర తన పని తాను మొదలుపెట్టేసింది. మణికట్టు నొప్పి. ఇంకా బయట ఎవరికీ తెలియదు. పెగేరోని ఇచ్చెయ్, బదులు నా జట్టులోంచి ఇద్దర్నిస్తానని గస్ వారం నుంచి వెంటపడుతున్నాడు. తెలిసేలోపు ఇచ్చేస్తే సరి. చెయ్యి ఎప్పుడు ఫోన్ మీదికి పోయిందో, గస్ నంబరు ఎప్పుడు నొక్కిందో ఆయనకే తెలియదు.

తలుపు తీసుకుని టోబీ లోపలికి వచ్చాడు. తండ్రి చేతిలో ఫోన్ చూశాడు. తెరిచి ఉన్న కిటికీ వంక చూశాడు.

"గస్‌కా?" అన్నాడు.

ఫోన్‌లోంచి గస్, "ఏంట్రా వెండెల్, పలకవేం?" అంటున్నాడు. వెండెల్ ఫోన్ పెట్టేశాడు.

"ఆ పని చెయ్యలేదు," అన్నాడు. "ఏమీ చెప్పలేదు టోబీ. ఇచ్చెయ్యలేదు."

"సరే," అన్నాడు టోబీ. దెబ్బలాడలేదు, తలుపు విసిరెయ్యలేదు. మంచినీళ్లు తాగి మళ్లీ బయటికి పోయాడు.

వెండెల్ ఆ ఏడాదంతా పెగేరోని వదలకుండా తన జట్టులోనే ఉంచుకున్నాడు. పెగేరో మణికట్టుకి కట్టు కట్టించుకుని నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. వెండెల్ జట్టు అట్టడుగుకి పోయింది. గస్, మిగతావాళ్లు చెక్కల డాక్టరు కన్ను పోయిందని నవ్వుకున్నారు. ఎందుకు ఉంచుకున్నాడో టోబీ ఒక్కడికి తెలిస్తే చాలని వెండెల్ ఎదురు చూశాడు. టోబీ ఆ సంగతి ఎత్తలేదు. ఆదివారం ఫోన్ మోగితే మాత్రం దాన్ని చెవికి ఆనించుకుని, మెట్లు దిగి, పెరడు దాటి, ఇంట్లోకి మాట వినపడనంత దూరం నడిచి వెళ్లి అప్పుడు మాట్లాడేవాడు.