వాచీ లెమ్మంటే

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. అన్నం ముద్దతో పాటు మింగేస్తాను. మళ్లీ వస్తుంది. మా అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక నా భార్యకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు గోదావరిఖని వచ్చి, మా క్వార్టర్ వెతుక్కుని, మా బాపుతో ఈ సంగతి అనే ప్రమాదం లేదు. పిరికివాడు చెవిని కూడా చూసుకునే ఎంచుకుంటాడు మరి. తప్పు చేశానని తెలుసు. అది ఎంత తప్పో, ఎవరికి చేసిన తప్పో, అదే తేలడం లేదు. చెబుతూ పోతే తేలుతుందేమో.

ముందు మీకొక మాట అర్థం కావాలి. ఇంకెక్కడైనా ఒక మనిషిని ‘అన్‌ఫిట్’ అంటే తిట్టినట్టు. మా బొగ్గు బాయిల దగ్గర, అంటే గనుల దగ్గర, అది శుభవార్త. బాయిలో దిగే మనిషి జబ్బు వల్ల ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేల్చిందంటే, అతని కొడుక్కు కంపెనీలో నౌకరీ వస్తుంది. “మీ బాపు అన్‌ఫిట్ అయిండట గదా, దావత్ ఎప్పుడు?” అని ఎదురుపడ్డవాళ్లు అడుగుతారు. మేమూ పళ్లికిలించి యాటను కోసి విందు పెడతాం. తండ్రి పనికిరాకుండా పోయాడని పండగ చేసుకోవడమేంటని చిన్నప్పటి నుంచీ నాకెప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. అనిపించి ఏం లాభం?

మా బాపు జీవితమంతా భూమి కిందే పనిచేశాడు. చివరికి ఆయాసం, షుగర్, మోకాళ్ల నొప్పులు మిగిలాయి. బోర్డుకు అర్జీ పెట్టుకుని, పిలుపు కోసం చూస్తూ సిక్ లీవులో ఇంట్లో ఉన్నాడు. నేను డిగ్రీ చేసి, చౌరస్తాలో ఒక మొబైల్ దుకాణంలో కూర్చునేవాణ్ణి. కంపెనీ నౌకరీకి నా వయసు దాటిపోయేలా ఉంది. ఇంటిల్లిపాదికీ అదే ఫికర్. అలాంటి రోజుల్లో దవాఖానలో డాక్టర్ బాపును రోజూ నడవమన్నాడు. దుకాణంలో గీత పడి అమ్ముడుపోని ఒక స్మార్ట్ వాచీ ఉంటే తెచ్చి బాపు చేతికి కట్టాను. అప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు. లేదనే అనుకుంటున్నాను.

జిమ్ముకు పొమ్మంటే బాపు నవ్వేవాడు. “గవి పోరగాండ్లకు” అనేవాడు. అందుకని ఇంట్లోనే మొదలుపెట్టాం. కుర్చీలో కూర్చోవడం, చేతులు ఆనించకుండా లేవడం. ఖాళీ రంగు డబ్బాల్లో ఇసుక నింపి ఎత్తడం. పొద్దున్నే ఎండ రాకముందే కాలనీ రోడ్డు మీదుగా బడి గ్రౌండ్ దాకా నడక. గుండె వేగం పెరిగితే వాచీ చూపిస్తుంది, నిదానించాలి. తగ్గితే మళ్లీ నడవాలి. బాపుకు ఇంగ్లీషు రాదు. అద్దం మీద ఏదో వెలిగితే చాలు, చెయ్యి నా ముందుకు చాపి “ఏమంటాందిరా?” అనేవాడు. నేను చదివి చెప్పేవాణ్ణి. వాచీ మాటంటే బాపుకు నా మాటే.

కొన్ని నెలలకు బాపు ప్యాంటు నడుము వదులైంది. ఆగకుండా మెట్లెక్కేవాడు. బట్టలు ఆరేస్తూ అమ్మ “పెండ్లిపిలగాని లెక్క తయారైతున్నడు మీ బాపు” అని ఆటపట్టిస్తే సిగ్గుపడేవాడు. నాకెంత సంతోషంగా ఉండేదో! అది నిజం. ఆ సంతోషాన్ని నేను ఇప్పుడు కల్పించుకోవడం లేదు. కానీ ఒకరోజు పక్క క్వార్టర్‌లో ఉండే కాక ఒకాయన నన్ను గేటు దగ్గర ఆపి నవ్వుతూ అన్నాడు, “మీ బాపు గిట్ల ఉరుకుతుంటే బోర్డుల ఫిట్ అంటరు బిడ్డా. ఇగ నీ నౌకరి ఎట్ల?” పరాచికానికే అన్నాడు. నేను కూడా నవ్వాను. ఇంట్లోకి వచ్చేసరికి బాపు డబ్బాలు ఎత్తుతున్నాడు. మొదటిసారి నాకు ఆయన మీద కోపం వచ్చింది. కన్నతండ్రి బాగుపడుతుంటే కొడుక్కు కోపం రావచ్చా? వచ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బాపు చాయ్ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతి మీద వాచీ గుర్రుమంది. చాలాసేపు కదలకుండా కూర్చుంటే అది అలాగే పిలుస్తుంది, లేచి కాస్త నడువు అని. బాపు ఎప్పటిలాగే చెయ్యి చాపాడు.

“ఏమంటాందిరా?”

“గుండె మీద జోరు పడ్తాందట బాపూ. కూసొమ్మంటాంది.”

“కూసునే ఉన్న గదరా!”

“ఇంక కూసొమ్మంటాంది. నడుసుడు, బరువులెత్తుడు బంద్ జెయ్యుమంటాంది.”

బాపు వాచీ వైపు కాసేపు చూశాడు. “మిషిన్ గదా, దానికేం అవసరం, అబద్ధమెందుకాడుతది?” అన్నాడు. అని గోడకు ఇంకొంచెం చేరగిలబడ్డాడు.

అంతే. ఆ ఒక్క సాయంత్రంతో అయిపోయింది. మర్నాటి నుంచి నడక లేదు. ఇసుక డబ్బాలు బాత్రూం పక్కకు చేరాయి. కూర్చున్నకొద్దీ వాచీ గుర్రుమనేది, గుర్రుమన్నకొద్దీ బాపు కూర్చునేవాడు. నిలబడి ఉన్నప్పుడు ఫోన్ మెసేజ్‌కు మోగినా సరే, భయపడి మంచం వెతుక్కునేవాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను, బోర్డు అయ్యాక చెబుదాం అనుకున్నాను.

బోర్డు అయింది. బాపు అన్‌ఫిట్ అయ్యాడు. దావత్ ఇచ్చాం. నాకు నౌకరీ వచ్చింది.

ఇక్కడి నుంచే నాకు తికమక. బోర్డు డాక్టర్లు వాచీని చూడరు. బాపు ఊపిరితిత్తుల్లో చేరిన బొగ్గు దుమ్ము ఎంత నడిచినా పోయేది కాదు. అంటే నేను అబద్ధం చెప్పకపోయినా ఆయన అన్‌ఫిట్ అయ్యేవాడేనా? అలాగైతే ఉత్తపుణ్యానికి తండ్రిని కూర్చోబెట్టిన మూర్ఖుణ్ణి. నా అబద్ధం వల్లే అయ్యాడంటే దొంగను. రెంటిలో ఏది నయం? మూడోది కూడా ఒకటుంది: ఫిట్ అంటే మళ్లీ బాయిలోకి దింపేవాళ్లు, దిగితే బతికేవాడు కాదు, కాబట్టి నేనే కాపాడాను. ఈ మాట చెప్పుకుని చాలా రోజులు హాయిగా డ్యూటీ చేశాను. కానీ ఆ సాయంత్రం నేను ఆయన ప్రాణం గురించి అనుకోలేదు. నా గురించే అనుకున్నాను.

ఇప్పుడు బాపు మంచం నుంచి బాత్రూం దాకా పోవాలన్నా మధ్యలో గోడ పట్టుకుని ఆగుతాడు. మొన్న మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, ధైర్యం చేసి ఆయన పక్కన కూర్చున్నాను. అంతా చెప్పేద్దామని. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇంకొకటి. వాచీ పాతదైంది, తప్పులు చెబుతోంది, రేపటి నుంచి మెల్లగా నడుద్దాం అన్నాను. బాపు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“పిచ్చోడా, అన్‌ఫిట్ అయినోడు రోడ్డు మీద నడుస్తుంటే నలుగురు జూడరా? ఎవలన్న పోయి జెప్తే నీ నౌకరి గుంజుకుంటరు. నన్ను గిట్లనే కూసోనియ్యి.”

అలాంటి రూలేమీ లేదని, ఇచ్చిన నౌకరీ అలా తీసుకోరని ఎంత చెప్పినా వినలేదు. నా చెయ్యి మీద తట్టి, పోయి తిను అన్నాడు.

అప్పటి నుంచీ మనసు మనసులో లేదు. ఇన్నేళ్లూ బాపు కూర్చున్నది వాచీ మాట విని కాదా? నా కోసమా? ఎప్పటి నుంచి? బోర్డు తర్వాతనా, ఆ సాయంత్రం నుంచేనా? “కూసునే ఉన్న గదరా” అన్నప్పుడే నా మొహం చూసి పసిగట్టాడా? అడగాలని ఉంది. అడగాలంటే ముందు నా తప్పు చెప్పాలి. చెబితే, తెలుసు బిడ్డా అంటాడేమోనని భయం. తెలియదు అంటాడేమోనని ఇంకా భయం.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి పక్క గదిలో ఉన్నాడు, ఆయనకింకా చెప్పలేదు. ఒక్కసారి మాత్రం వంకర లేకుండా రాయనివ్వండి. ఆ రోజు వాచీ లేచి నడవమంది. కూర్చోమన్నది నేను. రాశాను. గుండె కొంచెం తేలికైంది. అలా తేలికపడే హక్కు నాకుందో లేదో, అదీ తెలియడం లేదు.