వన్స్‌మోర్ అడిగిన దెబ్బ

నా చిన్నప్పుడు మా ఊర్లో, ఒక ఆడమనిషి ఎంత బాగా దెబ్బలు తింటుందో చూసి ఆమె గొప్ప నటి అవునో కాదో తేల్చేవారు. అబద్ధం కాదు. బాగేపల్లి తాలూకాలో పాతపాళ్యకు అవతల ఉన్న ఆ చిన్న ఊర్లో ఏటా శెనక్కాయలు పెరికాక హార్మోనియం నాటకం ఆడేవారు. మగవేషాలన్నీ ఊరివాళ్ళవే. రాణి వేషానికి మాత్రం ఏడాదికొక నటిని బయటినుంచి పిలిపించేవారు. ఆ తర్వాత మళ్ళీ ఏడు దాకా అరుగుల మీద, అంగళ్ళ ముందు ఒకటే పంచాయతీ, ఎవరు బాగా చేశారని. నేను చూసిన రాణులు ముగ్గురు. వాళ్ళ సంగతే చెబుతాను, అయితే కథ ఆ ముగ్గురితో ఆగదు.

నాటకం మా ఊరి బడిపంతులు ఎప్పుడో రాసింది. ఒక పాళెగాణ్ణి శత్రువుల సేనాపతి చంపుతాడు. నెత్తురంటిన తలపాగా తెచ్చి రాణి ముందు పడేసి, కోటలో ధనం ఎక్కడ దాచావో చెప్పమంటాడు. చెప్పనని ఆమె ఒక పద్యం పాడుతుంది. “కోట గెలిచితివేమొ గాని, నా మాట గెలిచితివా” అని దాని ఎత్తుగడ. అందులో ఛందస్సు ఉందో లేదో పండితులు చూసుకోనీ, మా చుట్టుపక్కల ఊర్లలో ఆ పద్యం నోటికి రాని పసిపిల్ల కూడా లేదు. ఆఖరి మాట మీద రాణి రాగం తీస్తుంది. రాగం ముగియగానే సేనాపతి ఆమె చెంప మీద కొట్టి, జుట్టు పట్టి ఈడుస్తాడు. చివరికి ఆమె వాడి నడుములోని కత్తి లాగి వాణ్ణే పొడుస్తుంది.

సేనాపతి వేషం మా ఇంటి హక్కు. నాటకం తెర మా ముత్తాత కుట్టించాడు, తెర ఎవరిదో ఆ వేషం వాళ్ళదని ఊరి కట్టు. నా కాలానికి అది మా చిన్నాయనకు, అంటే మా నాన్న తమ్ముడికి వచ్చింది. ఊర్లో పెద్ద అంగడి ఆయనదే, పెద్ద గొంతూ ఆయనదే. మామూలుగా నాటకంలో చెంపదెబ్బ అంటే చెయ్యి గాలిలో తిరుగుతుంది, తబలా మీద ఠప్పుమని మోగుతుంది, అంతే. మా చిన్నాయనకు అది నచ్చేది కాదు. తబలా దెబ్బకు జనం మోసపోరని చెప్పి నిజంగానే కొట్టేవాడు.

కొట్టడం ఆయనకు అలవాటైన పనే. ఇంట్లో మా చిన్నమ్మ ఉండేది కదా. నన్ను కన్నప్పుడే మా అమ్మ పోయింది, మా నాన్న చింతామణి మండీలో గుమాస్తా, నన్ను పెంచింది మా జేజి, ఈ చిన్నమ్మ. జేజి అంటే మా నాన్నకూ చిన్నాయనకూ తల్లి. కూరలో ఉప్పు తక్కువైతే చిన్నమ్మకు ఒక దెబ్బ, అంగట్లో బేరం పోతే రెండు. ఒకసారి తలుపుకేసి కొడితే చిన్నమ్మ ముందరి పన్ను ఊడి నా ఒళ్ళో పడింది. జేజి ఆ పన్నును పెరట్లో పాతిపెట్టి, కొడుకును ఒక్క మాట అనలేదు. చిన్నమ్మ అరిచినా వీధిలో ఒక్క తలుపు తెరుచుకునేది కాదు. మా వీధిలో ఆడదాని అరుపుకు కాకి అరుపుకున్న విలువ కూడా లేదు. కాకి అరిస్తే చుట్టాలొస్తారని వాకిలైనా చూస్తారు.

మొదటి రాణి హిందూపురం ఆమె. సన్నటి మనిషి, కళ్ళు పెద్దవి. రాత్రి ఆడితే తాగి తలలు పగలగొట్టుకుంటారని మా ఊర్లో నాటకం పగలే పెట్టేవారు, అందుకని ఏదీ దాగేది కాదు. చిన్నాయన కొట్టిన దెబ్బకు ఆమె చెవి తమ్మె తెగి మెడ మీదికి నెత్తురు కారింది. జనం లేచి నిలబడి ‘వన్స్‌మోర్’ అన్నారు. వన్స్‌మోర్ అంటే తెలుసుగా, పద్యం నచ్చితే మళ్ళీ పాడమని అడగడం. పద్యం మళ్ళీ పాడితే, దాని వెనకాల వచ్చే దెబ్బా మళ్ళీ రావలసిందే. ఆమె మళ్ళీ పాడింది, అదే చెంప మీద మళ్ళీ తిన్నది. ఈసారి కళ్ళనుంచి ధారగా నీళ్ళు. ఏం నటన, ఏం నటన అని ఊరంతా తల ఊపింది. వాళ్ళ నోట్లో మన్ను పడ, నొప్పికీ నటనకీ తేడా తెలియని మొహాలు.

రెండో ఏడు చింతామణి ఆమె వచ్చింది. చిన్న వయసు, గొంతు మాత్రం తేనె. పద్యం ఎత్తుకుంటే హార్మోనియం మేష్ట్రు కళ్ళు మూసుకున్నాడు. కానీ దెబ్బ వచ్చే వేళకు ఆ పిల్ల భయపడి తల వెనక్కి తీసింది. చిన్నాయన చెయ్యి గాలిని కొట్టింది, జనం నవ్వారు. ఇక చూడాలి ఆయన కోపం. జుట్టు చేతికి చుట్టుకుని వేదిక పలకల మీద ఈడ్చి, మోకాలితో వీపు మీద గుద్దాడు. గాజులు పగిలి ముక్కలు మణికట్టులో దిగాయి. కత్తి లాగి పొడిచే చోట ఆమెకు చెయ్యి లేవక, పొడవకుండానే తెర దించేశారు. ఊరి తీర్పు ఏమిటంటే గొంతు బాగుంది, దెబ్బ తినడం రాదు, హిందూపురం ఆమే మేలు. ఏడాది పొడవునా ఇదే మాట. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తూచినవాళ్ళలో ఒక్కడైనా కొట్టిన చెయ్యి ఎవరిదని అడగలేదు. నాకూ అప్పటికి తోచలేదు, పదేళ్ళ పిల్లను.

మూడో ఏడు గౌరిబిదనూరు వైపునుంచి ఒకామె బస్సు దిగింది. వయసు మళ్ళిన మనిషి, నల్లగా, నిండుగా ఉంది, నుదుటి మీద రూపాయంత బొట్టు. ఈ ముసలామె రాణి ఏమిటని ఊరు మూతి విరిచింది. నటికి అన్నం తెర ఉన్న ఇంట్లోనే పెట్టాలి కాబట్టి మా ఇంటికే వచ్చింది. రాగి ముద్ద వడ్డిస్తున్న చిన్నమ్మ మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చ చూసి, ఆమె తినడం ఆపింది.

“సేనాపతి వేసేది మీ ఆయప్పేనామ్మా?” అని అడిగింది.

చిన్నమ్మ తల ఊపింది.

“వన్స్‌మోర్ అడుగుతారా ఈ ఊర్లో?”

“దెబ్బ కోసరమే అడుగుతారక్కా.”

“అడగనీలే” అని ఆమె సాంబారు పోయించుకుని నిదానంగా తిన్నది.

మొదటిసారి ఆమె మామూలుగానే పాడింది. గొంతు కొంచెం బొంగురు, కానీ ఎక్కడా జారలేదు. చిన్నాయన పూనకం పట్టినట్టు కొట్టాడు. ఆమె పడలేదు. పళ్ళ మీదికి వచ్చిన నెత్తురును నాలుకతో తుడుచుకుని నిలబడింది. జనం ఒకటే గోల, వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని. ఆమె హార్మోనియం మేష్ట్రును చూసి తల ఆడించి మళ్ళీ ఎత్తుకుంది. ఆఖరి మాటకు వచ్చి రాగం అందుకుంది. చిన్నాయన చెయ్యి ఎత్తాడు.

ఆమె రాగం ముగించలేదు.

పైకి తీసుకెళ్ళింది, కిందికి తెచ్చింది, ఇక ముగిస్తుందనుకున్న చోట మళ్ళీ మలుపు తిప్పింది. మేష్ట్రు ఆమె వెంటే పోయాడు. చిన్నాయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. రాగం మధ్యలో కొడితే ఆటగాడికి తలవంపు, తాళం తెలియని మొద్దు అంటారు. ఒకసారి తెగించి ముందుకు అడుగేశాడు కూడా. వెంటనే జనంలోంచి ఎవరో “ఆగప్పా, రాగం నడస్తా ఉండాది” అని గద్దించారు. ఆమె ఆయన చుట్టూ తిరుగుతూ పాడింది. ఎండలో ఆ చెయ్యి వణకడం అందరికీ కనపడింది. మొదట ఎవరో నవ్వారు. తర్వాత నవ్వు కూడా పోయింది. దెబ్బ పడకపోయేసరికి జనం చూడటానికి అక్కడ మిగిలింది ఒక్కటే, ఆడమనిషి మీదికి చెయ్యెత్తి నిలబడిన మా చిన్నాయన. చాలాసేపు చూశారు. చివరికి ఆ చెయ్యి దానంతట అదే కిందికి జారింది. అప్పుడు ఆమె రాగం ముగించి, ఆయన నడుములోని కత్తి లాగి పొడిచింది. అట్టకత్తే అయినా ఆయన నిజంగా పోటు తిన్నట్టే కూలబడ్డాడు.

నాకు గంతులేయాలనిపించింది. కానీ జేజి మొహం చూస్తే పాలిపోయి ఉంది. “అత్త మీద కోపం దుత్త మీద. ఈ పొద్దు నీ చిన్నమ్మను సంపేస్తాడు” అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఇంటికి పరుగెత్తాం. చిన్నమ్మను పుట్టింటికి పంపుదామంటే బస్సు వెళ్ళిపోయింది. దాచుదామంటే మా ఇంట్లో దాగే చోటు యాడుంది?

పొద్దు వాలకముందే ఆయన వచ్చాడు. మొహానికి రంగు కూడా కడుక్కోలేదు. పొయ్యి మీది కుండను కాలితో తన్నాడు, వేడి గంజి చిన్నమ్మ కాళ్ళ మీద పడింది. జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చి, గడపకేసి తల కొట్టాడు. ఒకసారి కాదు. నెత్తురు ఒక కన్ను మూసేసింది. తర్వాత మూలనున్న రోకలి తీసుకున్నాడు. రోకలితో ఆయన అంతకుముందు ఎప్పుడూ కొట్టలేదు. ఇది చావుదెబ్బ అని నాకు అర్థమయింది. నేను అరిచాను. వీధిలో ఒక్క తలుపూ కదలలేదు.

చిన్నమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. నోటి నిండా నెత్తురు. ఏడుస్తుందనుకున్నాను. ఆమె పాడింది. “కోట గెలిచితివేమొ గాని” అని ఎత్తుకుంది. శ్రుతి లేదు, తాళం లేదు, ఊడిన పంటి సందులోంచి గాలి పోతోంది. కానీ అది ఊరందరి పద్యం. ఎదురింటి తలుపు తెరుచుకుంది, ఆ పక్కది, ఆ వెనకది. “ఎవరు పాడతాండారు?” అంటూ ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని వాకిళ్ళలోకి వచ్చారు. అరిస్తే రాని వీధి పాడితే వచ్చింది. సిగ్గులేని వీధి, అయినా వచ్చింది.

ఆఖరి మాట మీద చిన్నమ్మ రాగం తీసింది. చిన్నాయన రోకలి ఎత్తి ఉన్నాడు, చుట్టూ జనం చూస్తున్నారు. నటికి ఊపిరి పట్టడం వచ్చు, మా చిన్నమ్మకు ఏం వచ్చు పాపం? గొంతు సన్నబడింది, తెగింది. రోకలి కదిలింది.

అప్పుడు నా పక్కనుంచి ఒక ముసలి గొంతు ఆ రాగాన్ని అందుకుంది. మా జేజి. కొడుకును ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి, పన్ను పాతిపెట్టి ఊరుకున్న మనిషి. వచ్చీరాని గొంతుతో సాగదీస్తూ పోయి, కోడలి ముందు నిలబడింది. జేజికి దగ్గు వచ్చి ఆగితే ఎదురింటి ఆమె అందుకుంది. తర్వాత ఎవరెవరో నాకు తెలియదు, నేనూ పాడాను. ఆ రాగం అంత ఘోరంగా ఎవరూ ఎప్పుడూ పాడి ఉండరు. చిన్నాయన మొహాన రంగు చెమటకు కారిపోయింది. రోకలి కింద పడేసి, జనం మధ్యనుంచి తల దించుకుని అంగడి వైపు వెళ్ళిపోయాడు.

ఆ రోజుతో ఆయన బుద్ధిమంతుడయ్యాడని చెబితే నా నోరు పడిపోతుంది. ఆ తర్వాతా చెయ్యెత్తాడు. కానీ చెయ్యెత్తిన ప్రతిసారీ చిన్నమ్మ ముందు వెళ్ళి వీధి తలుపు తెరిచేది. ఆ తలుపు తెరిచి ఉండగా ఆయన కొట్టలేకపోయాడు. జేజి మరుసటి వారమే తెరను ఊరికి ఇచ్చేసింది, తెరతోపాటు సేనాపతి వేషం హక్కూ మా గడప దాటింది. చిన్నమ్మ డెబ్బై దాటాక, నిద్రలో హాయిగా పోయింది.

ఇప్పుడు నేను చిక్కబళ్ళాపురలో మనవరాలి దగ్గర ఉంటున్నాను. ఆ పిల్ల ఒకే పాటను నలుగురు పాడింది ఫోన్‌లో పెట్టి, ఎవరు మేలో చెప్పు అవ్వా అని పోరుతుంది. చెబుతాను, నాకు చెవులున్నాయి. రాణి వేషం ఎవరు బాగా వేశారని అడిగితే మాత్రం నా జవాబు మారదు. గౌరిబిదనూరు ఆమె మహా దొడ్డ నటి. అయినా నా లెక్కలో మా చిన్నమ్మే ముందు. ఆమెకన్నా ఒక మెట్టు పైన, ఊపిరి తెగిన చోట అందుకున్న మా జేజి.

మొన్న పై వాటాలో గిన్నెలు విసిరిన చప్పుడు, వెంటనే ఒక ఆడపిల్ల ఏడుపు వినపడ్డాయి. మనకెందుకు అవ్వా అన్నది మనవరాలు. నా మోకాళ్ళు సహకరించవు, గోడ పట్టుకుని మెట్లెక్కి తలుపు కొట్టాను. తలుపు తీసిన పడుచువాడు చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఏం కావాల అవ్వా అని అడిగాడు.

“ఏమీ వద్దప్పా. నీ పెండ్లాం పక్కన కూర్చుంటాను” అన్నాను. తలుపు తెరిచే ఉంచమని చెప్పి, లోపలికి పోయి కూర్చున్నాను.