సవరణ బాబాయి

సవరణ బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఊరి సభలో గత నెల మినిట్స్ చదవడం పూర్తికాగానే చెయ్యెత్తి, "చిన్న సవరణండీ" అనేవారు. చిన్న అనే మాటను అంత దారుణంగా వాడిన మనిషి మరొకరు లేరు. ఆ చిన్నది ముగిసేసరికి అరగంట పట్టేది.

ఆయన వృత్తి గడియారాల రిపేరు. ఊళ్ళో గడియారాలన్నిటినీ బాగుచేసే చేత్తోనే ఊరందరి టైమూ పాడుచేస్తారని జనం విసుక్కునేవారు. ఆయనకు ఎవరూ అన్న కొడుకులు కాకపోయినా అందరూ బాబాయి అనే పిలిచేవారు.

ఈ జబ్బుకు మందు తాగాల్సి వచ్చింది మాత్రం సభ గుమస్తా. సభలో ఎవరేమన్నారో పుస్తకంలో రాసేదీ ఆమే, మర్నెల సభలో దాన్ని పైకి చదివేదీ ఆమే. పదకొండేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్క పేజీలో సభంతా ముగించేది. అదే ఆమె చేసిన తప్పు.

"చిన్న సవరణండీ. నేను లేచి నిలబడి మాట్లాడాను. నిలబడినట్టు రాయలేదు."

రాసింది. మర్నెల మళ్ళీ చెయ్యి లేచింది.

"చిన్న సవరణ. 'లేచి నిలబడ్డారు' అని రాశావు. పూర్తిగా నిలబడలేదమ్మాయ్. ఆరోజు మోకాలు పట్టేసింది. సగమే లేచాను."

"సగం లేచారని రాయమంటారా బాబాయిగారూ?"

"ఎంత లేచానో అంతే రాయాలి. రేపు ఎవరైనా చదివితే నా మోకాళ్ళ మీద తప్పుడు అభిప్రాయం కలగకూడదు కదా!"

ఆ దెబ్బతో ఆమెకు పంతం వచ్చింది. దగ్గినవాళ్ళు, తుమ్మినవాళ్ళు, బెంచీ మారినవాళ్ళు, అందరినీ రాయడం మొదలుపెట్టింది. ఇక వంక పెట్టడానికి ఏం దొరుకుతుందో చూద్దామనుకుంది. దొరికింది.

"కుక్క లోపలికొచ్చింది. అది రాయలేదు."

"కుక్కకు ఓటు లేదు బాబాయిగారూ."

"ఓటు లేకపోతే హాజరు కాలేదంటావా?"

కుక్క కూడా పుస్తకంలోకి ఎక్కింది. ఇంకోసారి "ఏకగ్రీవంగా ఆమోదించారు" అన్న చోట ఆయన అభ్యంతరం చెప్పారు. మందుల షాపాయన నిద్రలో చెయ్యెత్తాడట, నిద్రలో ఎత్తిన చెయ్యి లెక్కలోకి రాదట. మందుల షాపాయన్ని లేపి అడిగితే, తను అసలు నిద్రపోలేదని ప్రమాణం చేసి, మళ్ళీ నిద్రపోయాడు. పక్క ఊళ్ళ మినిట్స్ ఒక్క కాగితం మీద సరిపోయేవి. ఈ ఊరివి ఇరవై రెండు పేజీలు. సభ ఉన్న రోజు గుమస్తా ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు పట్టుకొచ్చుకునేది.

సభకు అధ్యక్షుడు రంపం మిల్లు యజమాని. ఏడున్నరకల్లా తను కంచం ముందు కూర్చోకపోతే ప్రపంచం ఆగిపోతుందని నమ్మే మనిషి. అందుకే ప్రతి నెలా మొదటి శనివారం, టంచనుగా ఆరింటికి, గంట కొట్టి సభ మొదలుపెట్టేవారు. ఆరూ పదికల్లా మినిట్స్ ముగిసి పని మొదలవ్వాలని ఆయన ఆశ. ఆరూ నలభై అయినా కుక్క దగ్గరే ఉండేవారు. చివరికి ఎప్పుడో సవరణ బాబాయికే దయ కలిగేది. అప్పటికి కాలవ అవతలి పాలవాళ్ళు కూడా వెనక తలుపు కిర్రుమనిపిస్తూ వచ్చి ఆఖరి బెంచీల్లో సర్దుకునేవారు. "అంతేనండీ, ఇక కానివ్వండి" అని ఆయన కూర్చునేవారు. ఒక్కసారి కూడా మినిట్స్ వినే బాధ లేని ఆ పాలవాళ్ళను చూసి గుమస్తా అసూయపడేది.

ఆయనకి ఈ జబ్బు ఎందుకొచ్చిందో ఊరికి ఒక అభిప్రాయం ఉంది. ఎప్పుడో ఆయన సభలో ఏదో ప్రతిపాదన పెట్టి ఓడిపోయారు, ఆ కక్షతోనే ఇలా వేపుకు తింటున్నారు. ఆ ప్రతిపాదన ఏమిటో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

గుమస్తాకు అంతుపట్టనిది ఇంకొకటుంది. ఒకసారి అలారం గడియారం ఆగిపోతే ఆయన కొట్టుకు పట్టుకెళ్ళింది. మనిషి నిలువునా పట్టేంత కొట్టు, గోడనిండా టిక్కుటిక్కులు. ఆమె గడియారం ఎలా కిందపడిందో చెప్పబోయింది.

"రెండు ముక్కల్లో చెప్పమ్మాయ్, అవతల పనుంది."

"పడింది. ఆగింది."

మూడు నిమిషాల్లో బాగుచేసి చేతిలో పెట్టారు. ఉండబట్టలేక అడిగేసింది. "ఇక్కడ ఇంత తొందరపడే మనిషి, సభలో ఎందుకు బాబాయిగారూ మమ్మల్ని అలా చంపుతారు?"

ఆయన కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే, "ఇక్కడ తప్పులు తక్కువ" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఆ మంటలోనే ఇంటికెళ్ళి ఒక తీర్మానం రాసింది. ఇకపై గత సభ మినిట్స్ పైకి చదవనక్కర్లేదు, చదివినట్టే భావించాలి, వాటి మీద చర్చ ఉండదు. మందుల షాపాయన మెలకువగా ఉన్న క్షణం చూసి అతని చేత ప్రతిపాదింపజేసింది. హాలంతా చేతులు లేచాయి. పాలవాళ్ళు కూడా ఎత్తారు. "మినిట్సా? మాకెప్పుడూ చదివినట్టు గుర్తే లేదే" అనుకున్నారు వాళ్ళలో వాళ్ళు. వద్దని ఎత్తింది సవరణ బాబాయి ఒక్కరే. ఆరోజు గుమస్తా ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళింది.

తర్వాతి సభకు ఆమె ఫ్లాస్కు తేలేదు. హాల్లోకి రాగానే ఇంకో శుభవార్త. మూడో కిటికీ పక్కన తన మామూలు చోటులో, మెడచుట్టూ ఉన్ని గుడ్డతో, సవరణ బాబాయి. గొంతు పూర్తిగా పోయిందట. "అయ్యో పాపం" అని ప్రతి ఒక్కరూ ఎంతో సంతోషంగా అన్నారు.

ఆరు కొట్టింది. అధ్యక్షులవారు గంట కొట్టి, "మినిట్స్ చదివినట్టే భావిస్తున్నాం" అని జీవితంలో మొదటిసారి నవ్వారు. "మొదటి అంశం. కాలవ మీది కాలిబాట వంతెన పాతబడింది. ఏటా పలకలు మార్చలేక చస్తున్నాం. తీసేద్దామని ప్రతిపాదన. ఒప్పుకుంటే సోమవారమే మనుషులు వస్తారు."

సవరణ బాబాయి చెయ్యెత్తారు. నోరు తెరిస్తే సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్న చప్పుడు వచ్చింది.

"కూర్చోండి బాబాయ్, గొంతుకు మంచిది కాదు" అన్నారు అధ్యక్షులవారు ఆప్యాయంగా.

ఆయన కూర్చోలేదు. సగం కాదు, పూర్తిగా లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ గాలి వదులుతున్నారు. ముఖం ఎర్రబడిపోయింది. ఎంతైనా పెద్దాయన, ఏమన్నా అయితే బాగుండదని గుమస్తా గ్లాసుతో మంచినీళ్ళు తీసుకెళ్ళింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కిటికీవైపు చూపించారు.

గుమస్తా టేబులు గోడవైపు ఉంటుంది. పదకొండేళ్ళలో ఆమె ఆ కిటికీలోంచి ఎప్పుడూ చూడలేదు. కాలవ, దాని మీద వంతెన, అవతలి గట్టున లైట్లు వేసుకున్న పాల వ్యాను. వరసగా నిలబడి క్యాన్లు ఎత్తుతున్న మనుషులు. వ్యాను ఈరోజు ఆలస్యంగా వచ్చినట్టుంది, వరస ఇంకా సగం కూడా తరగలేదు. ఆ క్యాన్లన్నీ ఎక్కించి, చేతులు కడుక్కుని, ఆ వంతెన దాటితేనే వాళ్ళు ఇక్కడికి రాగలరు. వాళ్ళు వచ్చేలోపే ఆ వంతెన ఉండదని ఇక్కడ తేలిపోతుంది. ఒకసారి తేలింది ఏడాదిదాకా మార్చకూడదని సభ నియమం. అజెండా టైపు చేసింది తనే. 'వంతెన తొలగింపు' అన్న రెండు మాటలకు అరనిమిషం కూడా పట్టలేదు.

వెనకనుంచి అధ్యక్షులవారి గొంతు. "అనుకూలమైనవాళ్ళు చేతులు..."

"చిన్న సవరణండీ!"

హాలంతా ఉలిక్కిపడి సవరణ బాబాయిని చూసింది. ఆయన నోరు మూసుకునే ఉంది. అన్నది గుమస్తా.

"మినిట్స్ చదవక్కర్లేదన్న తీర్మానం పోయిన నెలది కదండీ. పోయిన నెల మినిట్స్ ఇంకా ఆమోదం కాలేదు. ఆమోదం కానిది అమల్లోకి ఎలా వస్తుంది? అంచేత, ఈ ఒక్కసారికి చదవాలి."

అధ్యక్షులవారు నియమాల పుస్తకం తిరగేశారు, మూశారు, మళ్ళీ తెరిచారు. ఆమె మాట తిరుగులేనిది. "తీసుకొచ్చి పెట్టుకున్నాం ఇంకోదాన్ని" అని గొణుక్కుని, "చదవండి" అన్నారు.

చదివింది. పెళ్ళిచూపుల్లో కూడా ఆమె అంత నెమ్మదిగా మాట్లాడలేదు. ఇరవై రెండు పేజీలు అయ్యేసరికి ఆరున్నర. కిటికీ దగ్గర సవరణ బాబాయి తల అడ్డంగా ఊపారు. ఇంకా రాలేదు.

"ఇక నా రాత మీద నాకే కొన్ని అనుమానాలున్నాయండీ. ఎనిమిదో పేజీలో 'కుక్క బయటికెళ్ళింది' అని రాశాను. ముందు తలుపులోంచా, వెనక తలుపులోంచా?"

"ఎందులోంచి పోతే ఏంటమ్మా!" అన్నారు అధ్యక్షులవారు.

"వెనక తలుపు" అన్నాడు మందుల షాపాయన, కళ్ళు మూసుకునే.

"నువ్వెక్కడ చూశావ్? ముందు తలుపే. నా చెప్పు ఎత్తుకుపోయింది కూడా" అన్నాడు దర్జీ.

"అది అంతకు ముందు నెల."

ఇరవై నిమిషాలపాటు గుమస్తా నోరు తెరవాల్సిన అవసరమే రాలేదు. ఊరు రెండు జట్లుగా విడిపోయింది. చెప్పు ఎడమదా కుడిదా అన్న దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షులవారి కడుపులోంచి ఒక మూలుగు మొదటి వరసదాకా వినపడింది. ఏడుకి ఇంకో అయిదు నిమిషాలు ఉందనగా వెనక తలుపు కిర్రుమంది.

"అంతేనండీ, ఇక కానివ్వండి" అని గుమస్తా కూర్చుంది.

పాలవాళ్ళలో పెద్దావిడ ముందుకొచ్చి నొచ్చుకుంటూ, "ఏమనుకోకండి, వ్యాను లేటు. పావుగంట ఆలస్యమైపోయింది" అంది.

"పావుగంటా? గంట!" అన్నారు అధ్యక్షులవారు.

"అదేంటండీ! మీటింగు ఆరూ నలభైకి కదా మొదలు? మేం వస్తున్నప్పటినుంచీ అంతేగా!"

ఒక్కొక్క తలా మెల్లగా మూడో కిటికీవైపు తిరిగింది. సవరణ బాబాయి మెడమీది గుడ్డ అంచును, ఏదో గడియారం లోపలి చక్రాన్ని చూస్తున్నంత శ్రద్ధగా పరీక్షిస్తున్నారు.

వంతెన సంగతి తెలిశాక పాలావిడ ఎక్కువ మాట్లాడలేదు. "బడి, డాక్టరు, కొట్లు, అన్నీ ఇటే ఉన్నాయి. వంతెన తీస్తే పిల్లలు ఎనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగి రావాలి. తీసేయాలనుకుంటే, ముందు ఒక్కరోజు మీరు నడిచి చూడండయ్యా."

"ఈ మాట నాకెవరూ చెప్పలేదే" అన్నారు అధ్యక్షులవారు, నిజంగానే తెల్లబోయి.

"చెప్పడానికేగా వచ్చాం."

వంతెన ఉండాలని లేచిన చేతుల్లో ఆయనదీ ఒకటి. పలకలు కూడా మిల్లునుంచే ఇస్తానన్నారు. ఆ ఊపులోనే సభ ఏడింటికి మారింది. ఇంకా ఆమోదం కాలేదు కాబట్టి మినిట్స్ తీర్మానాన్ని గుమస్తా తలవంచుకుని వెనక్కి తీయించింది.

సోమవారం ఆమె బీరువాలోంచి పాత పుస్తకం తీసింది. తను రాసిన మొట్టమొదటి పేజీ. "గడియారాల రిపేరు ఆయన ప్రతిపాదన: కాలవ అవతలివారి కోసం సభను ఏడింటికి మార్చాలి. వీగిపోయింది." కింద తన సంతకం. ఆ మర్నెల నుంచే చిన్న సవరణలు మొదలయ్యాయి. ఆమెకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. కలం తీసి కొత్త మినిట్స్‌లో ఒక వాక్యం చేర్చింది.

మర్నెల సభ ఏడింటికి. అధ్యక్షులవారి కంచం ఎనిమిదిన్నరకు జరిగింది, ప్రపంచం ఆగలేదు. రెండు గట్లవాళ్ళూ మొదటినుంచే ఉన్నారు. మినిట్స్ అయ్యాయి. ఇక ఆపాల్సిన అవసరమేమీ లేదు కాబట్టి అందరూ నిశ్చింతగా ఉన్నారు. సవరణ బాబాయి చెయ్యి లేచింది. గొంతు తిరిగొచ్చింది.

"చిన్న సవరణండీ. పన్నెండో పేజీలో, 'కాలవ అవతలివారి కోసం పదకొండేళ్ళు సభను ఆపి ఉంచినందుకు సవరణ బాబాయికి సభ కృతజ్ఞతలు' అని ఉంది. తప్పు. నేను ఎవరికోసమూ ఆపలేదు. కుక్క నిజంగానే వచ్చింది. ఆ వాక్యం తీసేయాలి."

"ఓటుకు పెడుతున్నాను" అన్నారు అధ్యక్షులవారు గంభీరంగా. "తీసేయాలనేవాళ్ళు?"

ఒకే ఒక్క చెయ్యి.

"ఉండాలనేవాళ్ళు?"

ముందుగా వెనక బెంచీల్లో చేతులు లేచాయి. తర్వాత హాలంతా. పదకొండేళ్ళలో ఆయన సవరణ ఓడిపోవడం అదే మొదటిసారి. గుమస్తా నిలబడి మరీ లెక్కపెట్టి, గొంతు సవరించుకుని పైకి చదివింది.

"అరవై తొమ్మిది."

"అరవై ఎనిమిది" అన్నారు సవరణ బాబాయి కూర్చుంటూ. "మందుల షాపాయన నిద్రపోతున్నాడు."