పెద్దమ్మ వేలిముద్ర

మా పెద్దమ్మ పోయిందని మొన్న వినుకొండ నుంచి కబురొచ్చింది. వెళ్లాను. పాడె లేవకముందే ఊరివాళ్లు అరుగు మీద మొదలెట్టారు: "మిరప ఘాటుకే ఒక కన్ను పోగొట్టుకుంది. చెబితే వినే రకమా!"

నాకు ఒళ్లు మండిపోయింది. అసలు ఆమెకు చెప్పిందెవరు?

పెద్దమ్మ కళ్లంలో కూర్చుంటే మంచికాయల్లో తాలు ఒక్కటి కలిసేది కాదు. తెల్లబారిన ఆ పనికిరాని కాయల్ని విడిగా పోసి, కొనేవాళ్లకు తనే చూపించేది. "అడుగున తాలు పోసి పైన ఎర్రకాయ పరిచేవాడి ఇంట మంచినీళ్లు కూడా తాగకూడదు" అనేది.

అలాంటి మనిషికి రెండు కళ్లకీ నీటికాసులొచ్చాయి. పక్కనుంచి వచ్చే మనుషులు కనబడక గుద్దుకునేది. గుంటూరులో కంటి డాక్టరు పెదనాన్నకూ నాకూ వరండాలో విడమరిచి చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలపడానికే ఆపరేషను, ముందు ఒక కంటికి. ఒక్కోసారి రక్తం దిగో, చీము పట్టో ఉన్నదీ పోవచ్చు. నెల దాకా వంగకూడదు, బరువెత్తకూడదు. పెదనాన్న సంతకం చేసి లోపలికెళ్లి పెద్దమ్మతో, "చూపొచ్చేస్తుందంట, భయం లేదంట" అన్నాడు, వంగొద్దన్న మాటే ఎత్తలేదు. నేను నేలచూపులు చూశాను. ఆడమనిషి, బెదురుతుందని మా తెలివి. తగలెయ్యనా ఆ తెలివి!

ఇంటికొచ్చిన వారానికే కోతలు పడ్డాయి. పెద్దమ్మ వంగి కాయల బుట్ట ఎత్తింది. సాయంత్రానికి కంట్లో రక్తం దిగింది. ఆ కంటికి మళ్లీ వెలుగన్నది తెలియలేదు.

మళ్లీ చూపించినప్పుడు డాక్టరు నోటే నిజం బయటపడింది. పెద్దమ్మ పెదనాన్నను వదిలేసి నన్ను పిలిచింది. "నువ్వు కూడా నాకు తాలే పోశావేంట్రా? కన్ను నాదా, మీదా?"

నేరాన్ని మిరప ఘాటు మీదకి నెట్టింది ఊరు. కాదని చెప్పకుండా ఇన్నేళ్లు ఊరుకుంది నేను. మొన్న అరుగు మీద అందరి ముందూ అరిచి చెప్పాను. సిగ్గులేకపోతే సరి, ఆమె వినే రోజుల్లో చెప్పాల్సింది.

మొదటి కన్ను పోయిన రెండేళ్లకు రెండో కంటికి ఆపరేషను. ఈసారి డాక్టరుకు ఎదురుగా తనే కూర్చుంది. ఆయన సంతకం కాగితాన్ని పెదనాన్న వైపు జరిపితే అరచేత్తో ఆపింది. "పోయేదేందో ముందు చెప్పండి. ఉండేది తర్వాత. వంగితే ఏమవుద్దో అదీ చెప్పండి."

ఆ కన్ను ఆమెకు చివరిదాకా నిలిచింది. నాకు మాత్రం ఆ గదే కనిపిస్తోంది. సిరా అద్దిన బొటనవేలు పైకెత్తి పట్టుకుని పెద్దమ్మ వింటోంది. డాక్టరు ఆగినప్పుడల్లా "ఇంకా?" అంటోంది. వేలి మీద సిరా ఆరిపోయింది. మళ్లీ అద్దించుకుని, కాగితానికి తగలనీయకుండా, "ఊఁ, చెప్పండి" అంది.