మామగారు తాగిన గిన్నె

పోయిన చలికాలం మా వదిన సుయ్ యూన్ పోయింది. మా ఆయనకు అక్క. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఆవిడే.

మా వుచ్యావ్ ఊళ్లో ఇంటికో సర్కస్ విద్య ఉంటుంది. మా మామగారి ఇంటిది నీళ్ల గిన్నెలు. తాడుకి రెండు కొసలా నిండు గిన్నెలు కట్టి, పైకీ కిందికీ గిరగిరా తిప్పాలి, చుక్క ఒలకకూడదు. గిన్నె కిందికొచ్చినప్పుడు దాని బరువంతా భుజాన్ని లాగేస్తుంది. పైకెళ్లి బోర్లా తిరిగినప్పుడు తాడు తేలిపోయినట్టుంటుంది. అక్కడ జంకి నెమ్మదిస్తే నీళ్లు నెత్తిమీదే.

ఒక యేడు వదినకి భుజం వాచింది. ఎవరికీ చెప్పలేదు. ఆ యేడు రెండో నెల సంతలో మామగారు తన తాడు ఆవిడకి ఇచ్చి, ఇంటి విద్య అప్పజెప్పబోతున్నారని ఊరంతా చెప్పుకున్నారు. సంత రోజు పొద్దున ఆవిడ బొంతలోంచి పత్తి పీకుతోంది.

"ఎందుకు వదినా?"

"గిన్నెల్లోకి, నీళ్లకి బదులు. తడిపి కుక్కితే నిండు నీళ్లలాగే మెరుస్తుంది. బరువుండదు, ఒలకదు. నువ్వేం చూడలేదు, సరేనా?"

బాగానే తిప్పింది. జనం ఈలలేశారు. ఆట అయ్యాక గిన్నెలో నీళ్లు గురువు తాగడం మా ఇంటి పద్ధతి. చూపు పోయాక మామగారు అది మానేశారు, వదిన దాని సంగతే మర్చిపోయింది. ఆ రోజు ఆయన చేయి చాపారు.

"ఏదమ్మా, నా గిన్నె?"

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇచ్చింది. ఆయన పెదాలకి ఆనించుకుని ఒక్క క్షణం ఆగారు. తర్వాత గుటక వేశారు. ఇంకో గుటక. ఖాళీ గొంతు అలా ఆడటం నేను దగ్గర్నుంచి చూశాను. మూతి తుడుచుకుని, "చల్లగా ఉన్నాయి," అన్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే తాడు ఆవిడ చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి వదిన ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "తిట్టండి నాన్నా."

"సగం నీళ్లు పోసుకుంటే పోయేది కదా."

"గిన్నె నిండుగా ఉండాలని మీరేగా అన్నారు."

"అన్నాను," అన్నారాయన, గోడవైపు తిరిగి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బావుండేదని వదిన నాతో ఎన్నోసార్లు అంది. నలుగురిలో తన కోసం అబద్ధం మింగిన తండ్రి ముందు అన్నం తినడానికి కూడా సిగ్గుపడేది. ఆ తాడు విప్పలేదు, చుట్టినది చుట్టినట్టే ఆయన తలగడ పక్కన పెట్టేసింది.

మరుసటేడు సంతలో తన పాత తాడు పట్టుకుని నిలబడింది. మామగారు ముందు వరసలో కూర్చున్నారు. గిన్నెలు వంచి అందరికీ చూపించింది.

"సగమే పోశాను. నా భుజం బాగోలేదు."

"మిగతా సగం తాగేశావా అక్కా?" అన్నాడు మంతౌ రొట్టెలమ్మేవాడు. అందరూ నవ్వారు.

వదిన చెవులదాకా ఎర్రబడింది. మామగారు మాత్రం నవ్వలేదు, ఆ గొంతు వచ్చిన వైపే తల తిప్పి ఉంచారు. ఆవిడ కాళ్లు నిలదొక్కుకుని, తాడు గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది.